వియన్నా నగరపు వాద్యబృందము

ఐరోపా ఖండమున డాన్యూబు నది యొడ్డున వియన్నా యను నగరము కలదు. అది ఆస్ట్రియా దేశమునకు రాజధాని. హాబ్సుబర్గు వంశపు ప్రభువులు కొన్ని శతాబ్దముల కాలము అచ్చటనుండి విశాలమైన సామ్రాజ్యమును పాలించిరి. 1918వ సంవత్సరమున ఆ సామ్రాజ్యము విచ్ఛిన్నమయ్యెను. చక్రవర్తి కిరీటము నేడు ప్రదర్శనశాలలో నుండి చూడవచ్చినవారికి కనుపించుచున్నది. అయినను ఆ నగరమునకు మఱియొక రాజ్యము మిగిలియున్నది. అది సంగీతరాజ్యము. దానికి సైన్యము లేదు, సరిహద్దులు లేవు. ఫిడేళ్లును, వేణువులును, కొమ్ములును, నగారాలును దాని పరివారము. ఆ రాజ్యమునకు ముఖ్యప్రతినిధి ‘వియన్నా ఫిల్‌హార్మోనిక్’ అను ప్రసిద్ధ వాద్యబృందము. దీనినే ఆర్కెస్ట్రా యందురు.

ఈ వ్యాసమున మూడు ప్రశ్నలకు సమాధానము చెప్ప యత్నింతుము. వియన్నా సంగీతమునకు రాజధాని యెట్లయ్యెను? నూర్గురు మనుష్యులు ఒక్క ప్రాణివలె నెట్లు వాయింపగలుగుచున్నారు? అట్టి యైకమత్యము మనుష్యులను మంచివారినిగా జేయుటకు చాలునా? మొదటి రెండు ప్రశ్నలు సంగీతమునకు సంబంధించినవి. మూడవది మనకందఱకును సంబంధించినది.

పదునెనిమిదవ శతాబ్దమున వియన్నాలో చక్రవర్తియు, అతని చుట్టునున్న జమీందారులును సంగీతజ్ఞులను పోషించుట తమ గౌరవమునకు దగిన పనిగా భావించెడివారు. కావున ప్రతిభగల యువకులు నలుదెసలనుండి ఆ నగరమునకు వచ్చుచుండిరి. 1732వ సంవత్సరమున ఒక పల్లెటూరి బండ్లవడ్రంగికి జన్మించిన హైడను బాల్యమున అచ్చటి సెయింట్ స్టీఫెన్ దేవాలయమున పాడుచుండెను. గొంతు మారగానే అతనిని పంపివేసిరి. కొన్నియేండ్లు దారిద్ర్య మనుభవించి, పిమ్మట ఎస్టర్‌హాజీ యను ప్రభువుల కొలువున చేరి, నౌకరు దుస్తులు ధరించియే పెక్కు సింఫనీలను రచించెను. సింఫనీ యనగా వాద్యబృందమంతయు కలిసి వాయించుటకై వ్రాసిన, సాధారణముగా నాలుగు భాగములుగల దీర్ఘరచన.

సాల్జుబర్గున పుట్టిన మోజార్టు 1781వ సంవత్సరమున వియన్నాకు వచ్చి, తన ప్రభువు కొలువు విడిచి, పాఠములు చెప్పుకొనుచు కచ్చేరీలు చేయుచు స్వతంత్రముగా జీవించెను. ముప్పదియాఱేండ్లు నిండకముందే 1791వ సంవత్సరమున అచ్చటనే కన్నుమూసెను. ఆ మరుసటి యేడు బీథోవెను అను యువకుడు హైడనువద్ద నేర్చుకొనుటకై బాన్ నగరమునుండి వచ్చి, మరల స్వస్థలమునకు పోలేదు. 1809వ సంవత్సరమున ముగ్గురు ప్రభువులు కలిసి, అతడు వియన్నాను విడువకుండవలెనను కట్టుబాటుతో ఏటేట 4,000 ఫ్లోరినులు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఈ మహనీయులలో వియన్నాయందే జన్మించినవాడు షూబర్టు ఒక్కడే. అతడు బడిపంతులు కుమారుడు. తానును కొంతకాలము తండ్రి బడిలో చిన్నపిల్లలకు అక్షరములు నేర్పెను. ముప్పదియొకటవ యేటనే, 1828వ సంవత్సరమున, మరణించెను.

ఇందు గమనింపదగినది యేమనగా, వియన్నా కీర్తిలో అధికభాగము వెలుపలనుండి వచ్చినవారు తెచ్చినది. నగరము వారికి చోటిచ్చెను. వారు నగరమునకు పేరిచ్చిరి. మన పాఠకులకు మఱియొక సంగతియు ఆసక్తిగా నుండవచ్చును. బీథోవెను 1770లో జన్మించి 1827లో మరణించెను. 1767లో జన్మించి 1847వరకు జీవించిన త్యాగరాజస్వామి కావేరీతీరమున తెలుగు కృతులు రచించుచున్న దినములును అవియే. ఒకరి పేరు ఒకరు వినకయే ఇరువురును ఒక్క కాలమున నాదమును ఉపాసించిరి.

ఇంతటి రచనలు పుట్టినను, వానిని చక్కగా వాయించు స్థిరమైన బృందము ఆ కాలమున వియన్నాలో లేకుండెను. 1808వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన బీథోవెను తన అయిదవ, ఆఱవ సింఫనీలను మొదటిసారి వినిపించెను. ఆ రాత్రి నాటకశాలలో చలి మిక్కుటము. కచ్చేరీ సుమారు నాలుగు గంటలు సాగెను. సాధన చాలనందున ఒక రచన నడుమ వాద్యకారులు దారితప్పగా, బీథోవెను ఆపివైచి మరల మొదలుపెట్టింపవలసి వచ్చెను. ఎంత గొప్ప రచనయైనను, కలిసి అభ్యసించినవారు లేనిచో కాగితముమీది గుర్తులుగానే యుండును.

ఈ కొఱత 1842వ సంవత్సరమున తీరెను. ఆ సంవత్సరము మార్చి 28వ తేదీన ఆటో నికొలాయి యను నాయకుని యాధ్వర్యమున, రాజాస్థానపు ఒపెరాశాలలో వాయించు వాద్యకారులు తామే ఒక సమాజముగా నేర్పడి కచ్చేరీ చేసిరి. ఒపెరా యనగా ఆద్యంతము గానముతో నడచు నాటకము. నేటికిని నియమ మదియే. వియన్నా ప్రభుత్వ ఒపెరాశాలలో పరీక్ష నెగ్గి, అచ్చట కనీసము మూడేండ్లు వాయించినవారే ఫిల్‌హార్మోనిక్ సభ్యత్వమునకు అర్హులు. ఈ బృందమునకు యజమాని లేడు. సభ్యులే సమావేశమై తమలోనుండి అధ్యక్షుని ఎన్నుకొందురు, క్రొత్తవారిని చేర్చుకొందురు, ఏ నిర్వాహకుని ఆహ్వానింపవలెనో నిశ్చయింతురు. 1933వ సంవత్సరమునుండి వీరికి శాశ్వత నిర్వాహకుడు లేడు. ప్రపంచమునందలి పెద్ద నిర్వాహకులెల్లరు వీరి యెదుట అతిథులుగానే నిలుచుచున్నారు.

ఇక వీరు వాయించు మందిరమును గూర్చి చెప్పవలెను. సంగీతమిత్రుల సమాజమువారు హాన్సెను అను శిల్పిచే కట్టించిన ఆ భవనమును 1870వ సంవత్సరము జనవరి 6వ తేదీన తెఱచిరి. అందలి పెద్దశాలకు బంగారుశాల యని పేరు. దాని పొడవు సుమారు 49 మీటరులు, వెడల్పు 19 మీటరులు, ఎత్తు 18 మీటరులు. చూచుటకు అది పూతపూసిన ఒక పెద్ద పెట్టెవలె నుండును. వెడల్పు తక్కువయగుటచే నాదము ప్రక్కగోడలకు దగిలి వెంటనే శ్రోత చెవికి వచ్చిచేరును. గోడలపైనున్న ప్రతిమలును, చెక్కడపు పనియు ఆ నాదమును ముక్కలుగా విఱచి అన్ని దిక్కులకు చల్లును. వాద్యము ఆగిన పిదపను సుమారు రెండు సెకండుల కాలము దాని ధ్వని గాలిలో నిలిచియుండును. హార్వర్డు ఆచార్యుడగు సాబిను అనునాతడు శాలలయందలి ధ్వనిని లెక్కలచే కొలుచు శాస్త్రమును 1895వ సంవత్సరమునుండియే ప్రారంభించెను. హాన్సెనుకు ఆ లెక్కలు తెలియవు. పూర్వులు కట్టిన శాలల అనుభవమే అతనికి కొలకఱ్ఱ.

వేదికపై నూర్గురివరకు వాద్యకారులు నాలుగు తెగలుగా కూర్చుందురు. మొదటి తెగ తంత్రీవాద్యములు. వీనిలో ఫిడేళ్లు రెండు గుంపులు. వానికంటె కొంచెము పెద్దది వయోలా, మోకాళ్లనడుమ నిలుపుకొని వాయించునది చెల్లో, మనిషికంటె ఎత్తైనది డబుల్ బాసు. బంగారుశాలలో ఈ డబుల్ బాసులను అన్నిటికంటె వెనుక, గోడప్రక్కన, ఒక వరుసగా నిలుపుదురు. రెండవ తెగ కఱ్ఱతో చేయు ఆచారమునుండి పేరొందిన ఊదువాద్యములు: ఫ్లూటు, ఓబో, క్లారినెట్టు, బసూను. మూడవది ఇత్తడి వాద్యములు: కొమ్ము, ట్రంపెట్టు, ట్రాంబోను, ట్యూబా. నాలుగవది చఱచి వాయించునవి. వానిలో ముఖ్యమైనది టింపనీ యను రాగిబానల నగారా. ఇతరదేశములవారు విడిచిపెట్టిన పాతరకపు కొమ్మును, ఓబోను వియన్నావారు నేటికిని వాడుచున్నారు. ఆ కొమ్ము వాయించుట కష్టము, స్వరము జారిపోవుట సులభము. అయినను దాని మెత్తని నిండు నాదముకొఱకు ఆ శ్రమను ఓర్చుకొనుచున్నారు.

ఫిడేలు మనకు క్రొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచినవారిలో ప్రథములు. విజయనగరమున ద్వారము వేంకటస్వామినాయుడుగారు ఆ వాద్యముచేతనే దేశమంతట పేరుపొందిరి. కాని వాద్య మొక్కటియైనను, వాడుక వేఱు. మన కచ్చేరీలో గాయకుడు రాగమునొక త్రోవగా విస్తరించుచుండ, ఫిడేలు ఆ త్రోవనే వెంబడించును. వియన్నా సంగీతమున ఒకే క్షణమున పలువురు వేర్వేరు స్వరములను పలికింతురు. ఆ స్వరములు ఒకదానితో నొకటి పొసగి, ఒక్కొక్కనిచేత గాని పుట్టింపశక్యముకాని మూడవదియేదో పుట్టించును. దీనినే స్వరసమ్మేళన మనవచ్చును. కావున ఆ బృందమున ఒక్కనికి అప్పగించిన భాగమును మాత్రము విన్నచో తఱచు అర్థము కాదు. ఇతరుల భాగములతో చేరినప్పుడే దానికి అర్థము కలుగును.

కచ్చేరీకి ముందు ఓబో వాయించువాడు ఒక్క స్వరమును నిలుపును. అందఱును తమ వాద్యములను దానికి శ్రుతి చేసికొందురు. పిమ్మట నిర్వాహకుడు వచ్చును. అతనిచేతిలో చిన్న బెత్తము తప్ప వాద్యమేమియు లేదు. వేదికమీద నాదము చేయనివాడు అతడొక్కడే. అతడు తాళమును చూపును, ఎవరెప్పుడు ప్రవేశింపవలెనో కన్నుతో తెలుపును, ఏ తెగ మీఱుచున్నదో దానిని అణచును. కాని బెత్తము చూచుటచేతనే నూర్గురు ఏకము కాజాలరు. ప్రతివాడును ప్రక్కవాని శ్వాసను, కమాను కదలికను, నాదపు బరువును వినుచు తన నాదమును దిద్దుకొనుచుండవలెను. ఒపెరాలో పాడువాడు ఒకరాత్రి తొందరపడును, ఒకరాత్రి నిలుపును. అతనిని నిత్యము వెంబడించుటచే వియన్నావారికి వినుట అలవాటైనది. వారి వాద్యమునకు మూలధనము ఆ వినికిడియే.

ఒక యుదాహరణము చూతము. బీథోవెను అయిదవ సింఫనీ మూడు పొట్టి స్వరములతోను, ఒక దీర్ఘస్వరముతోను ఆరంభమగును. ద్వారమును ఎవరో గట్టిగా తట్టినట్లుండును. ఆ నాలుగు దెబ్బలనుండియే మొదటిభాగమంతయు అల్లబడినది. మూడవభాగము చివర వాద్యములన్నియు అణగిపోయి, నగారా మాత్రము గుండెవలె మెల్లగా కొట్టుకొనుచుండును. అచ్చటనుండి ఆపకుండగనే నాదము పెరిగి పెరిగి నాలుగవభాగమున సూర్యోదయమువలె వెలుగును. ఆ వెలుగునకు కారణము ట్రాంబోనులు. వానిని వాయించువారు మువ్వురు మొదటినుండియు వేదికమీదనే యుందురు, కాని మొదటి మూడుభాగములలో వారికి ఒక్క స్వరమైనను లేదు. ఇరువది నిమిషములకు పైగా చేతులు కట్టుకొని వినుచు కూర్చుండి, ఆ క్షణమున తప్పక ప్రవేశింపవలెను. వారు ముందుగా తొందరపడినను, ఆలస్యము చేసినను ఆ సూర్యోదయము లేదు. విద్యార్థులారా, మౌనముగా వేచియుండుటయు పనిలో భాగమే యని చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకుట యరుదు.

1824వ సంవత్సరము మే 7వ తేదీన బీథోవెను తొమ్మిదవ సింఫనీ వియన్నాలో మొదటిసారి వినబడెను. దాని చివరిభాగమున గాయకులు చేరి మానవులందఱు సోదరులగుదురను భావముగల గీతమును పాడుదురు. అప్పటికి బీథోవెనుకు చెవుడు పూర్తిగా ముదిరియుండెను. జనులు చప్పట్లు చఱచుచున్నను ఎఱుగక వాద్యకారులవైపే తిరిగియుండగా, ఒక గాయని అతనిని మెల్లగా సభవైపు త్రిప్పెను. చప్పట్లు వినబడలేదు గాని, చేతులు కనబడినవి.

ఆ గీతము పుట్టిన నగరముననే, నూటపదునాలుగేండ్ల పిమ్మట జరిగిన దానిని దాచుట న్యాయము గాదు. 1938వ సంవత్సరము మార్చినెలలో హిట్లరు సేనలు ఆస్ట్రియాను ఆక్రమించెను. వెంటనే బృందమునందలి యూదులను తొలగించిరి. వారిలో ఆర్నోల్డు రోజే యొకడు. అతడు 1881వ సంవత్సరమునుండి 57 ఏండ్లు ప్రథమ ఫిడేలు స్థానమున కూర్చుండి బృందమును నడపినవాడు. డెబ్బదియైదవయేట అతడు దేశము విడిచి లండను చేరి, 1946వ సంవత్సరమున అచ్చటనే మరణించెను. అతని కుమార్తె ఆల్మా రోజే ఆష్విట్సు నిర్బంధశిబిరమున ఖైదీలగు స్త్రీల వాద్యబృందమునకు నాయకురాలై, అందు వాయించుటచే పలువురు స్త్రీలు బ్రతికి బయటపడుటకు కారణమయ్యెను. తాను మాత్రము 1944వ సంవత్సరము ఏప్రిలునెలలో ఆ శిబిరముననే మృతిచెందెను. ఫిల్‌హార్మోనిక్‌కు చెందిన వాద్యకారులలో అయిదుగురు నిర్బంధశిబిరములలోను, ఇరువురు వియన్నాలోనే హింసవలనను ప్రాణములు కోల్పోయిరి. యుద్ధకాలమున మిగిలిన సభ్యులలో ఇంచుమించు సగముమంది నాజీపక్షమున చేరినవారే.

స్వల్పమగు అపస్వరమునైనను పట్టగలిగిన ఆ చెవులకు, ప్రక్కకుర్చీ ఖాళీయైనప్పుడు కలిగిన నిశ్శబ్దము వినబడలేదా? కొందఱు భయపడిరి, కొందఱు లాభము చూచుకొనిరి, కొందఱు నిజముగా నమ్మిరి. కచ్చేరీలు మాత్రము ఆగలేదు. నేడు ప్రపంచమంతయు చూచు నూతన సంవత్సరపు కచ్చేరీ కూడ ఆ చీకటిదినములలోనే, 1939వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన, పుట్టినది. అనేకవర్షములు బృందమువారు ఈ చరిత్రను విప్పి చెప్పలేదు. తుదకు 2013వ సంవత్సరమున చరిత్రకారులచే పరిశోధింపజేసి, ఫలితములను లోకమునకు ప్రకటించిరి.

మఱియొక ద్వారమును చిరకాలము మూయబడియుండెను. స్త్రీలకు ఈ బృందమున సభ్యత్వము లేకుండెను. అన్నా లెల్కెష్ అను హార్పు వాద్యకారిణి 1971వ సంవత్సరమునుండి వీరితో వాయించుచున్నను, ఆమెను సభ్యురాలుగా చేర్చుకొనుటకు 26 ఏండ్లు పట్టెను. 1997వ సంవత్సరమున ఆమెయే మొదటి సభ్యురాలయ్యెను. అటుపిమ్మట మఱికొందఱు స్త్రీలు చేరిరి. వారు ప్రవేశించినందున ఆ నాదమునకు లోపమేమియు కలుగలేదు.

మన దేశమునకును ఈ బృందముతో సంబంధము కలదు. 1936వ సంవత్సరమున బొంబాయిలో పార్సీ కుటుంబమున జన్మించిన జుబిన్ మెహతా పదునెనిమిదవయేట వియన్నాకు పోయి, సంగీతవిద్యాలయమున డబుల్ బాసును, నిర్వహణవిద్యను అభ్యసించెను. తరువాత ఆయన ఈ బృందమునే నడపి, నూతన సంవత్సరపు కచ్చేరీకి 1990, 1995, 1998, 2007, 2015 సంవత్సరములలో అయిదుమారులు నిర్వాహకుడయ్యెను. ఇన్నూఱేండ్ల క్రిందట బాన్ నగరమునుండి వచ్చిన యువకునికి చోటిచ్చిన నగరము బొంబాయినుండి వచ్చినవానికిని చోటిచ్చినది. ద్వారము తెఱచియున్నపుడెల్ల వియన్నా సంపన్నమయ్యెను. మూసినపుడెల్ల బీదదయ్యెను.

కావున మన మూడవ ప్రశ్నకు సమాధానము స్పష్టము. కలిసి వాయించు నేర్పు గొప్పది, కాని అదియొక్కటియే మనుష్యుని నీతిమంతుని చేయదు. తాళము తప్పక నడచుట దొంగలకును, సైనికులకును, సత్పురుషులకును సమానముగా అలవడును. సంగీతము మనకు వినుట నేర్పును. ఆ వినికిడిని సంగీతశాల గుమ్మముకడ విడిచిపోవుటయో, వీథిలోనికి వెంటదీసికొనిపోవుటయో మన యధీనము. మన తరగతిలో, ఆటస్థలమున, ఇంటిలో ఎవరి కంఠము వినబడుట లేదో, ఎవరి బల్ల కారణము తెలియకుండ ఖాళీయైనదో గమనించువాడే నిజముగా శ్రుతి నెఱిగినవాడు.

ఈ సంగీతమును విన గోరువారు షూబర్టు రచించిన అసంపూర్ణ సింఫనీతో మొదలుపెట్టవచ్చును. అది 1822వ సంవత్సరమున వ్రాయబడియు, కర్త మరణించిన 37 ఏండ్లకు, 1865వ సంవత్సరమున, వియన్నాలో మొదటిసారి వినబడెను. అందు పూర్తియైన భాగములు రెండే. మొదటిమారు ఫిడేళ్లను, రెండవమారు కొమ్ములను, మూడవమారు అన్నిటికి అడుగున మెల్లగా నడచు డబుల్ బాసులను వినుడు. అడుగున నున్నవారిని వినుట అలవాటైన పిదప, పైనున్న రాగము మునుపటికంటె మధురమగును.